యుద్ధం వల్ల ఇల్లు విడిచినవారికి ఆహార సాయం: వండిన భోజనమా, సరుకులా, నగదా?

యుద్ధం వల్లనో సాయుధ ఘర్షణ వల్లనో ఇల్లు వాకిలి విడిచి పారిపోయినవారికి తిండి సాయం చేయాలని చెన్నైలోని తెలుగు సంఘాలు గానీ కాలనీ సంఘాలు గానీ తలపెట్టినప్పుడు, సాధారణంగా మొదటి సమావేశంలోనే బియ్యం బస్తాల లెక్క మొదలవుతుంది. ఎవరికి, ఎక్కడ, ఏ రూపంలో అన్న ప్రశ్నలు ఆ తరువాత వస్తాయి. కొన్నిసార్లు లారీ బయలుదేరాక వస్తాయి. వండిన భోజనం, పొడి సరుకులు, దుకాణంలో చెల్లే కూపన్లు, చేతికిచ్చే నగదు అనే నాలుగు మార్గాల్లో ఏది ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ వృథా అవుతుందో, చెన్నైలో ఉండి సాయం చేయదలచినవారి కోసం ఇక్కడ పోల్చి చూద్దాం.

నిర్ణయానికి ముందు తెలుసుకోవలసినవి మూడు. ఆ కుటుంబానికి పొయ్యి, వంటచెరకు, గిన్నెలు, నీళ్లు ఉన్నాయా? నడిచి వెళ్లగలిగే దూరంలో సరుకులున్న అంగడి ఉందా? ఆ అంగడికి సరుకు చేరే దారి తెరిచి ఉందా? మన దగ్గర ఏమి మిగిలి ఉంది, ఏది పంచితే ఫోటోలో నిండుగా కనిపిస్తుంది అన్నవి ఈ లెక్కలోకి రాకూడదు. చాలాచోట్ల అవే ముందు వస్తున్నాయి కాబట్టి ఈ మాట చెప్పవలసి వస్తోంది.

వండిన భోజనం

ఇంటి నుంచి కట్టుబట్టలతో బయటపడిన తొలి రోజుల్లో వండిన అన్నానికి సాటి వచ్చేది లేదు. బడిలోనో కల్యాణ మండపంలోనో తలదాచుకున్న మనిషికి 10 కిలోల బియ్యం ఇస్తే అది సాయం కాదు, మోయవలసిన మరో బరువు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు నీళ్లలో చిక్కుకున్న చెన్నై వీధులవారికి పొట్లాల భోజనం ఎంత అక్కరకు వచ్చిందో ఇక్కడివారందరికీ తెలుసు. యుద్ధంలో ఈ అవసరం రోజులతో తీరకుండా నెలలు, ఏళ్లు సాగవచ్చు. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో సైన్యానికీ అర్ధసైనిక దళానికీ మధ్య యుద్ధం మొదలైన తరువాత, అక్కడి యువకులు, గృహిణులు పేటల వారీగా ‘తకాయా’ అనే సామూహిక వంటశాలలను నడిపి లక్షల మందికి రోజుకు ఒక పూటైనా గంజి, పప్పు అందేలా చూశారు. ఊరిలోనే ఉండి, ఊరివారిని ఎరిగినవారు వండి పెట్టడమే ఆ వంటశాలల బలం.

అయినా దూరం నుంచి వచ్చి వండి పెట్టడానికి పరిమితులు చాలా ఉన్నాయి. వండిన పదార్థం చెన్నై ఎండలో బయట రెండు గంటలకు మించి నిలవ ఉంటే చెడే ప్రమాదం ఉంది. పులిహోర కొంత ఓర్చుకుంటుంది గానీ సాంబారు అన్నం, కూరలు ఓర్చుకోవు. వరుసలో నిలబడగలిగినవారికే పొట్లం దక్కుతుంది, ముసలివారు, బాలింతలు, జబ్బుపడినవారు వెనకబడతారు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. నెలల తరబడి ఎవరో వండినది, ఎవరో నిర్ణయించిన వేళకు తినవలసి రావడం వల్ల కుటుంబం తన ఇంటిని తాను నడుపుకునే అలవాటును కోల్పోతుంది. మన అన్నదాన సంప్రదాయం గొప్పదే, కానీ అది బాటసారికీ యాత్రికుడికీ ఒక పూట ఆకలి తీర్చడానికి ఏర్పడినది. పదేళ్లు శిబిరంలో గడిపే కుటుంబం అవసరాలు వేరు. పొయ్యి వెలిగే ఇంటికి వండిన భోజనం తీసుకువెళ్లవద్దని నా సలహా. పండుగ నాడు కలిసి తినడానికైతే అది వేరే సంగతి.

పొడి సరుకులు

ఎక్కువ మంది ఎంచుకునేది ఈ మార్గమే కనుక దీని లెక్క కొంచెం వివరంగా చూడాలి. అత్యవసర పరిస్థితుల్లో మనిషికి రోజుకు సగటున 2,100 కిలో కేలరీలు కావాలని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క వేసుకుంటాయి. దానికి సరిపడే ఒక సాధారణ కేటాయింపులో ధాన్యం 400 గ్రాములు, పప్పు 60 గ్రాములు, నూనె 25 గ్రాములు, బలవర్ధకమైన మిశ్రమ పిండి 50 గ్రాములు, చక్కెర 15 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు ఉంటాయి. నలుగురున్న ఇంటికి ముప్పై రోజులకు గుణిస్తే ధాన్యమే 48 కిలోలు, పప్పు 7 కిలోల పైన, నూనె 3 కిలోలు, అన్నీ కలిపి 66 కిలోలు దాటుతుంది. మన సంఘాలు పంచే మామూలు సంచిలో 5 కిలోల బియ్యం, కిలో పప్పు, లీటరు నూనె ఉంటాయి. ఈ లెక్కన ఆ బియ్యం నలుగురికి మూడు రోజులకు, పప్పు నాలుగు రోజులకు, నూనె తొమ్మిది రోజులకు వస్తాయి. ‘ఒక కుటుంబానికి నెల సరుకులు’ అని ఆ సంచి మీద రాసే ముందు ఈ గుణకారం చేసి చూసుకోవడం మంచిది.

సరుకులు తప్పనిసరి అయ్యే సందర్భాలు లేకపోలేదు. అంగడి మూతపడినచోట, దారులు మూసుకుపోయి ధరలు మనిషికి అందనంత పెరిగినచోట, చేతిలో డబ్బున్నా కొనడానికి ఏమీ ఉండదు. సూడాన్‌లోని ఎల్ ఫాషర్ నగరం 2024 మే నుంచి ముట్టడిలో చిక్కుకున్నప్పుడు అక్కడి జనం పశువులకు పెట్టే వేరుశనగ చెక్కను తిన్నారు. నూనె గానుగ ఉన్న మన పల్లెల్లో ఆ చెక్క ఎవరి మేతో తెలియనివారు ఉండరు. ఆ నగరానికి చేరువలోనే ఉన్న జంజం శిబిరంలో కరువు నెలకొన్నదని 2024 ఆగస్టులో అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ధారించింది. అలాంటి చోట కొరత డబ్బుది కాదు, దారిది. పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ తంత్రంగా వాడకూడదని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 54వ అధికరణం నిషేధించింది. 2018లో భద్రతా మండలి 2417వ తీర్మానం ఆ పద్ధతిని ఖండించింది. అయినా దారి తెరిపించే పని విరాళాలిచ్చేవారి చేతిలో లేదు. రెండు పక్షాలతోనూ మాట్లాడి వాహనాలను లోపలికి తీసుకువెళ్లగల అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, ప్రపంచ ఆహార కార్యక్రమం వంటి సంస్థల ద్వారానే అక్కడికి ఏదైనా చేరుతుంది. విమానాల నుంచి జారవిడిచే పద్ధతి రోడ్డు మార్గం కంటే ఏడు రెట్ల వరకు ఖరీదైనది, కింద ఉన్నవారికి ప్రమాదకరం కూడా. అది గత్యంతరం లేనప్పటి మార్గం మాత్రమే.

సరుకు ఎంపికలో అక్కడివారి నోటి అలవాటు ప్రధానం. 2021లో భారత ప్రభుత్వం అఫ్గానిస్తాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామని ప్రకటించి, 2022 ఫిబ్రవరిలో అట్టారి సరిహద్దు మీదుగా తొలి లారీలను పంపింది. అది సార్థకమైంది, ఎందుకంటే అఫ్గాన్ల ప్రధానాహారం గోధుమ రొట్టె, పిండి పట్టించుకునే ఏర్పాటు వారికి ఉంది, పంపినది ప్రభుత్వం. అదే గోధుమను అన్నం తినేవారి శిబిరానికి పంపితే మర చార్జీలు కూడా వారి నెత్తినే పడతాయి. ఇచ్చిన సరుకులో కొంత అమ్ముకున్నారని విని మనవాళ్లు నొచ్చుకుంటారు. ఆ అమ్మకంతో వారు మందులో, గ్యాసో, బిడ్డకు గుడ్డో కొనుక్కున్నారు. నొచ్చుకోవలసిన అవసరం లేదు, వారికి నిజంగా ఏమి కావాలో ఆ అమ్మకం మనకు చెబుతోంది.

వంటచెరకు సంగతి చాలామంది మరచిపోతారు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో రోహింగ్యాలకు మొదట బియ్యం, పప్పు అందినా వండుకోవడానికి కట్టెల కోసం చుట్టుపక్కల అడవిని నరకవలసి వచ్చింది. 2018 నుంచి వంటగ్యాస్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆ బాధ, దానితోపాటు అడవి నరుకుడు తగ్గాయి. నానబెట్టి గంటసేపు ఉడికించవలసిన శనగలు ఇచ్చే బదులు త్వరగా ఉడికే పెసరపప్పు ఇవ్వడం కూడా ఇంధన సాయమే.

కూపన్లు, నగదు

అంగడి నడుస్తున్నచోట, దారి తెరిచి ఉన్నచోట నగదే మేలు అన్నది నా అభిప్రాయం. రవాణా ఖర్చు ఉండదు, గోదాము అక్కరలేదు, బియ్యం ముక్కిపోదు, పురుగు పట్టదు. ఇచ్చిన డబ్బు అక్కడి పచారీ కొట్టుకు, కూరగాయలమ్మే ఆమెకు చేరి, ఆశ్రయమిచ్చిన ఊరికీ కొంత మేలు జరుగుతుంది. పైగా ఈ రోజు ఏమి వండాలన్న నిర్ణయం తల్లి చేతికి తిరిగి వస్తుంది. ‘డబ్బు ఇస్తే తాగేస్తారు’ అన్న అభ్యంతరం ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు లేవనెత్తుతారు. పేదలకు నగదు బదిలీలపై వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పోల్చి చూసినప్పుడు, నగదు అందుకున్న కుటుంబాల్లో మద్యం, పొగాకు ఖర్చు పెరిగిన దాఖలా కనిపించలేదు. ఏ ఊరిలోనైనా తాగేవారు ఉంటారు, శిబిరంలోనూ ఉంటారు. అయితే తాగేవాడు సరుకుల సంచినీ అమ్ముకోగలడు. ఆ భయం ఉన్నవారు ఇంటి ఆడవారి ఖాతాకు జమ చేయించవచ్చు.

కూపన్ లేదా కార్డు అటు సరుకులకూ ఇటు నగదుకూ మధ్య మార్గం. జోర్డాన్‌లోని జాతరి శిబిరంలో 2016 నుంచి సిరియా శరణార్థులు సూపర్ మార్కెట్లో కంటిపాపను యంత్రానికి చూపి సరుకు కొనుక్కునే ఏర్పాటు నడిచింది. కాక్స్ బజార్‌లో రోహింగ్యాలు కార్డుతో నిర్ణీత దుకాణాల్లో బియ్యం, కూరగాయలు, చేపలు ఎంచుకుంటారు. ఇచ్చేవారికి తిండికే ఖర్చయిందన్న భరోసా ఉంటుంది, తీసుకునేవారికి కొంత ఎంపిక ఉంటుంది. అయితే ఆ దుకాణాల్లో ధర పెరిగితే పక్క కొట్టుకు వెళ్లే వీలు లేదు, కార్డు విలువ తగ్గిస్తే అడిగే దిక్కు లేదు. రోహింగ్యాలకు మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న విలువ నిధుల కొరత వల్ల 2023 మార్చిలో 10కి, జూన్‌లో 8కి పడిపోయింది. 2024లో మళ్లీ పెరిగింది. ఎనిమిది డాలర్లంటే రోజుకు ఇరవై రెండు రూపాయలు. చెన్నైలో ఇప్పుడు ఆ డబ్బుకు రెండు ఇడ్లీలు దొరకడం కూడా గగనమే. పెద్ద ఏర్పాట్లున్న సంస్థలకే కూపన్లు సాధ్యం కనుక చిన్న సంఘాలు ఆ ఆలోచన పెట్టుకోనక్కరలేదు. మహా అయితే శిబిరం దగ్గరి పచారీ కొట్టుతో మాట్లాడుకుని, ఫలానా కుటుంబాలకు నెలకు ఇంత మేర సరుకు ఇవ్వమని ఖాతా తెరిపించవచ్చు.

పసిపిల్లల తిండి

ఇక్కడ పోలిక అవసరం లేదు. పాలపొడి డబ్బాలు, సీసాపాలు విరాళంగా ఇవ్వకూడదు. శుభ్రమైన నీరు లేనిచోట కలిపిన పాలతో పసివారికి విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది, తల్లిపాలు తగ్గిపోతాయి. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లలకు వేరుశనగ ముద్దతో చేసే చికిత్సాహారం ఉంది; 92 గ్రాముల పొట్లంలో సుమారు 500 కిలో కేలరీలు ఉంటాయి. దానిని ఆరోగ్య సిబ్బంది తూకం, భుజం చుట్టుకొలత చూసి వారాల తరబడి ఇస్తారు, మనం పంచేది కాదు. ఆ పనికి డబ్బు ఇవ్వడం ఒక్కటే మన వంతు.

చెన్నై నుంచి చూస్తే

మన ఊరికి అన్నిటికంటే దగ్గరలో ఉన్న యుద్ధ నిర్వాసితులు శ్రీలంక తమిళులు. 1983 తరువాత అంతర్యుద్ధం నుంచి తప్పించుకుని పడవల మీద వచ్చినవారు, వారి పిల్లలు, మనవలు తమిళనాడు అంతటా వందకు పైగా శిబిరాల్లో ఉన్నారు. చెన్నై పరిసరాల్లో పుళల్‌లోనూ, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో తెలుగువారు దండిగా ఉండే గుమ్మిడిపూండిలోనూ ఆ శిబిరాలున్నాయి. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం 317 కోట్ల రూపాయల పైచిలుకు పథకాలు ప్రకటించి, శరణార్థి శిబిరాలన్న పేరును పునరావాస శిబిరాలుగా మార్చింది. నెలవారీ భత్యాన్ని ఇంటి పెద్దకు 1,500, ఇతర పెద్దలకు 1,000, పిల్లలకు 500 రూపాయలకు పెంచింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి నెలకు 3,500 రూపాయలన్నమాట. రేషన్ బియ్యమూ అందుతోంది. మగవారు చాలామంది రంగులు వేసే పనికో కూలికో వెళ్తారు.

ఈ పరిస్థితిలో బియ్యం బస్తాలతో వెళ్లడం ఉన్నదానిమీదే మరికాస్త పోయడం. అక్కడ లోటు పప్పు, నూనె, గుడ్లు, కూరగాయలు, పాలు, గ్యాస్ బండ ఖర్చులోనే ఉంటుంది. వానాకాలంలో రంగుల పని లేని వారాల్లో ఆ లోటు ఎక్కువవుతుంది. శరణార్థులే 1984లో చెన్నైలో నెలకొల్పుకున్న ఓఫెర్ వంటి సంస్థ ద్వారా నగదు రూపంలో సాయం అందించడం, అదీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉండే ఈశాన్య రుతుపవనాల నెలలకు ఉద్దేశించి ఇవ్వడం నా దృష్టిలో మొదటి ఎంపిక. సరుకులే ఇవ్వాలని పట్టుదల ఉంటే కందిపప్పు, నూనె ఇవ్వండి. శిబిరంలోకి బయటివారు ప్రవేశించడానికి అధికారుల అనుమతి కావాలి కనుక, వ్యాన్ నింపుకుని గేటు దగ్గరకు వెళ్లి ఫోన్లు చేయడం కంటే ముందుగా రెవెన్యూ అధికారులతో మాట్లాడుకోవడం మేలు.

తెలుగువారికి ఈ అనుభవం పరాయిది కాదన్నది ఇక్కడే గుర్తుకు వస్తుంది. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక అడవి దారుల్లో నడిచి వచ్చిన భారతీయ కాందిశీకుల్లో తెలుగు కూలీలు, చిన్న వ్యాపారులు వేల సంఖ్యలో ఉన్నారు. తరువాత 1960లలో బర్మా నుంచి తిరిగి వచ్చినవారి ఉపాధి కోసం ఏర్పడినదే చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గరి బర్మా బజార్. దాన ధర్మాల మాట వచ్చినప్పుడు ఇచ్చే చేయిగానే మనల్ని మనం ఊహించుకుంటాం గానీ, అందుకునే చేయిగా ఉన్న కాలం తాతల తరంలోనే ఉంది.

మణిపూర్ విషయం వేరు. 2023 మే 3న మెయితీ, కుకీ వర్గాల మధ్య మొదలైన హింసలో సుమారు 60 వేల మంది ఇళ్లు విడిచి సహాయ శిబిరాల్లో చేరారు. చెన్నై నుంచి ఇంఫాల్‌కు రోడ్డు దూరం మూడు వేల కిలోమీటర్ల పైమాటే. 2023లో రెండో నంబరు జాతీయ రహదారిపై దిగ్బంధాలతో సరుకు లారీలు నిలిచిపోయాయి కూడా. ఇక్కడి నుంచి బియ్యం పంపితే కిరాయి బియ్యం విలువను మింగేస్తుంది. లోయలోనూ కొండల్లోనూ పనిచేసే సంస్థలు వేర్వేరుగా ఉన్నాయి, ఒక వర్గం ప్రాంతంలో ఉన్నవారు మరో వర్గం ప్రాంతంలోకి వెళ్లడం కష్టం. కాబట్టి ఒక్క సంస్థకే మొత్తం ఇచ్చి అందరికీ చేరిందనుకోవద్దు. రెండు వైపులా ఒక్కో సంస్థను ఎంచుకోవలసి ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక మిజోరంలోకి వచ్చిన చిన్ తెగలవారికి మొదటి నుంచి అన్నం పెట్టినది అక్కడి చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ శాఖలు. ఆ సాయం నిలబడాలంటే మన సరుకు కాదు, వారు అక్కడే కొనడానికి డబ్బు కావాలి.

గాజా, సూడాన్ వంటి చోట్లకు సరుకు పంపడం మన సంఘాల వల్ల కాదు, నగదు ఒక్కటే దారి. అందులోనూ ఎంపిక ఉంది. దారి దొరికినప్పుడు భారీగా ధాన్యం తరలించగలవి పెద్ద సంస్థలు. దారి మూసుకున్నప్పుడు లోపల మిగిలి ఉండేవి పేట వంటశాలలు. సూడాన్‌లో ఆ వంటశాలలకు ప్రవాసులు ‘బంకక్’ అనే బ్యాంకు యాప్ ద్వారా డబ్బు పంపుతూ వచ్చారు. మనకు ఆ పరిచయాలు ఉండవు కాబట్టి, స్థానిక వంటశాలలకు నిధులిస్తున్నామని తమ లెక్కల్లో విడిగా చూపే సంస్థను వెతకడం మంచిది.

డబ్బు ఇచ్చే ముందు చట్టం సంగతులు

సంస్థను ఎంచుకునేటప్పుడు ఏ ఊరిలో ఎన్ని కుటుంబాలకు ఎంతకాలం ఇచ్చారో అడగండి. ‘ఇన్ని లక్షల భోజనాలు’ అన్న ఒక్క అంకెతో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే ఒకరికి ఏడాది పెట్టినా వేయి మందికి ఒక పూట పెట్టినా ఆ అంకె ఒకేలా కనిపిస్తుంది. ఆదాయపు పన్ను శాఖ నుంచి ‘80జీ’గా పిలిచే విరాళాల గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన డబ్బుకే పన్ను మినహాయింపు వస్తుంది, బియ్యం బస్తాలకు రాదు. నోట్ల రూపంలో 2,000 రూపాయలు దాటితేనూ రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఆ ప్రయోజనం. సంస్థ నుంచి విరాళపు ధ్రువపత్రం తీసుకోవడం మరవకండి. విదేశీ సంస్థకు నేరుగా పంపదలచినవారు రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద, ఆర్థిక సంవత్సరానికి ఇతర అవసరాలన్నీ కలిపి రెండున్నర లక్షల డాలర్ల పరిమితికి లోబడి పంపవచ్చు గానీ, దానికి పన్ను మినహాయింపు లేదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు కూడా చందా వేస్తామంటే ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవారు పంపినది విదేశీ విరాళమే, తమ తల్లిదండ్రుల పుట్టిన ఊరి సంఘానికి పంపినా సరే. అలాంటి డబ్బు తీసుకోవడానికి సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి, అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి, 2020 సవరణ తరువాత ఆ డబ్బును వేరే సంస్థకు బదలాయించడానికి వీలు లేదు. కాబట్టి మన సంఘం ఖాతాలో అందరి చందా పోగుచేసి తరువాత ఎవరికో ఒకరికి ఇద్దామనుకోకుండా, ఎంచుకున్న సంస్థకు ఎవరికివారు విడివిడిగా పంపుకోవడం మంచిది.